చల్లబడితేనే చూడగలిగే కన్ను

మన కర్నూలు, కడప జిల్లాలలో ఎండాకాలం ఎలా ఉంటుందో మీకు చెప్పనక్కరలేదు. పగలంతా మాడిన ఊరు రాత్రికి మిద్దె ఎక్కుతుంది. మిద్దె మీది బండలపై నీళ్ళు చల్లి, చాప పరచుకొని పడుకుంటాము. అయినా రాత్రి తొమ్మిది దాటేదాకా చాప కిందినుంచి వేడి వీపుకు తగులుతూనే ఉంటుంది. సాయంత్రం దీపాలు పెట్టే వేళ పడమటి గోడ ఎదుట నిలబడి చూడండి. గోడను తాకకపోయినా మొగానికి వెచ్చగా తెలుస్తుంది. సూర్యుడు అప్పటికే అస్తమించాడు. గోడ కంటికి మెరవడం లేదు. మరి ఆ వెచ్చదనం మీదాకా ఎలా వచ్చింది?

నిజానికి గోడ వెలుగుతూనే ఉంది. ఆ వెలుగును చూసే శక్తి మన కంటికి లేదు, అంతే. ఆ కనిపించని వెలుగునే పరారుణ కిరణాలు అంటాము.

ఒకనాడు తొమ్మిదవ తరగతిలో ఈ పాఠం చెబుతూ, అంతరిక్షంలో ఉన్న టెలిస్కోపులలో పరారుణ కిరణాలను చూసే పరికరాలు ఉన్నాయని, వాటిని ఎంతో శ్రమపడి చల్లబరుస్తారని చెప్పాను. వెనుక బెంచీలో నుంచి ఒక పిల్లవాడు లేచాడు. "సార్, అంతరిక్షంలో అంత చలి ఉంటుందంటారు గదా! అక్కడ ఉన్నదాన్ని మళ్ళీ చల్లబరచడం ఎందుకు?" అన్నాడు. మంచి ప్రశ్న. జవాబు పూర్తి కాకుండానే గంట కొట్టేశారు. ఆ మిగిలిన జవాబే ఈ వ్యాసం.

ఎరుపుకు ఆవల ఏముంది?

1800లో విలియం హెర్షెల్ అనే ఖగోళ శాస్త్రజ్ఞుడు సూర్యకాంతిని పట్టకం గుండా పంపి, ఏడు రంగులుగా విడగొట్టాడు. ఒక్కొక్క రంగులో థర్మామీటరు పెట్టి ఎంత వేడెక్కుతుందో చూశాడు. ఎరుపు రంగును దాటి, ఏ రంగూ లేని చోట పెట్టిన థర్మామీటరు కూడా వేడెక్కింది! అక్కడ కంటికి కనబడని కిరణాలు ఉన్నాయని ఆ విధంగా తెలిసింది.

మీరు కూడా ఈ కిరణాలను పట్టుకోవచ్చు. టీవీ రిమోటును మొబైల్ ఫోను కెమెరా ఎదుట పట్టి మీట నొక్కండి. కంటికి ఏమీ కనబడదు. ఫోను తెర మీద మాత్రం రిమోటు కొనన తెల్లగానో ఊదాగానో చిన్న దీపం వెలుగుతుంది. కొన్ని ఫోన్లలో వెనుక కెమెరాకు ఈ కిరణాలను ఆపే జల్లెడ ఉంటుంది. అప్పుడు ముందు కెమెరాతో ప్రయత్నించండి.

కాంతిని దాని తరంగదైర్ఘ్యాన్ని బట్టి గుర్తిస్తాము. ఇందుకు మైక్రాను అనే కొలత వాడతారు. మిల్లీమీటరులో వెయ్యవ వంతు ఒక మైక్రాను. మన కంటికి కనబడేది సుమారు 0.4 నుంచి 0.7 మైక్రాన్ల వరకే. రిమోటు కిరణాలు ఒక మైక్రానుకు కొంచెం తక్కువ. మీ ఇంటి గోడనుంచి వచ్చేవి పది మైక్రాన్ల ప్రాంతంవి.

ఆకాశంలో ఈ కిరణాలతో చూడవలసినవి ఎన్నో ఉన్నాయి. నక్షత్రాలు దుమ్ము నిండిన వాయుమేఘాల గర్భంలో పుడతాయి. మామూలు వెలుగును ఆ దుమ్ము ఆపివేస్తుంది. పరారుణ కిరణాలు దుమ్మును దాటి బయటికి వస్తాయి. నక్షత్రం కానంత చల్లని వస్తువులు పరారుణంలోనే వెలుగుతాయి. ఇక ఎంతో దూరాన ఉన్న గెలాక్సీల వెలుగు, విశ్వం వ్యాకోచించడంవల్ల సాగి సాగి, మనను చేరేసరికి పరారుణం అయిపోతుంది. అనగా విశ్వం బాల్యాన్ని చూడాలంటే ఈ కిరణాలే దిక్కు.

కన్నే వెలిగితే?

ఇప్పుడు అసలు చిక్కు. వేడి ఉన్న ప్రతి వస్తువూ కిరణాలను వెదజల్లుతుంది. ఏ తరంగదైర్ఘ్యం దగ్గర ఎక్కువగా వెదజల్లుతుందో తెలుసుకోవడానికి ఒక సులభమైన లెక్క ఉంది. 2900ను ఆ వస్తువు ఉష్ణోగ్రతతో భాగించండి. జవాబు మైక్రాన్లలో వస్తుంది. ఉష్ణోగ్రతను కెల్విన్ మానంలో తీసుకోవాలి, అంటే సెంటీగ్రేడు డిగ్రీలకు 273 కలపాలి. 27 డిగ్రీల గదిలోని బల్ల 300 కెల్విన్లు. 2900ని 300తో భాగిస్తే సుమారు 9.7 మైక్రాన్లు.

బల్లకు వర్తించేది టెలిస్కోపుకూ వర్తిస్తుంది గదా! గది వేడిలో ఉన్న టెలిస్కోపు పది మైక్రాన్ల దగ్గర తానే ఒక దీపంలా వెలుగుతుంది. దాని అద్దం, గొట్టం, లోపలి పెట్టె అన్నీ వెలుగుతాయి. ఇక దూరపు నక్షత్రం ఏమి కనబడుతుంది? పెట్రోమాక్స్ లైటును కళ్ళ ముందు పట్టుకొని, చెరువు అవతల మిణుగురును వెతికినట్టుంటుంది.

శోధకానికి, అనగా కిరణాలను పసిగట్టే భాగానికి, మరొక చిక్కు ఉంది. కెమెరాలలో శోధకం ఒక అర్ధవాహకపు పలక. దాని మీద కాంతికణం పడితే లోపలి ఎలక్ట్రాను ఒకటి కదిలి బయటపడుతుంది. అలా బయటపడ్డ ఎలక్ట్రాన్లను లెక్కిస్తే ఎంత వెలుగు వచ్చిందో తెలుస్తుంది. తరంగదైర్ఘ్యం పెరిగేకొద్దీ కాంతికణంలో శక్తి తగ్గుతుంది. కనుక పరారుణాన్ని పట్టే పలకలో ఎలక్ట్రాన్లు చాలా చిన్న దెబ్బకే కదిలేటట్టు ఉండాలి. కాని అంత సుకుమారమైన ఎలక్ట్రాన్లను పలకలోని వేడి కూడా కదిలించగలదు! వెలుగు ఏమీ పడకపోయినా ఎలక్ట్రాన్లు రాలుతూనే ఉంటాయి. దీనిని చీకటి ప్రవాహం అంటారు. మరిగే ఎసట్లో చిన్న రాయి వేస్తే అల ఎక్కడ లేచిందో చెప్పలేము. నిశ్చలంగా ఉన్న చెరువులో వేస్తే అల స్పష్టంగా కనబడుతుంది. శోధకాన్ని చల్లబరచడమంటే ఎసరును చెరువుగా మార్చడమే.

ఒక సూత్రం ఇక్కడ గుర్తుపెట్టుకోండి. చూడదలచిన తరంగదైర్ఘ్యం ఎంత పెద్దదో, శోధకం అంత చల్లగా ఉండాలి. ఈ వ్యాసంలో చెప్పబోయే కథలన్నీ ఈ సూత్రానికి ఉదాహరణలే.

మరి అంతరిక్షం చల్లనిదే గదా అంటారా? చలిగాలిలో పెట్టిన వస్తువు వేడిని గాలి మోసుకుపోతుంది. అంతరిక్షంలో గాలి లేదు. వేడి పోవాలంటే కిరణాలుగా మెల్లగా పోవలసిందే. హబుల్ టెలిస్కోపు భూమి చుట్టూ గంటన్నరకు ఒకసారి తిరుగుతూ, ఒక వంక ఎండలో, ఒక వంక నీడలో పడుతుంది. కింద భూమి వేడి, లోపల విద్యుత్ పరికరాల వేడి సరేసరి. అద్దం ఆకారం చెడకుండా దానిని గది వేడి దగ్గరే నిలిపి ఉంచుతారు కూడా. కనుక అంతరిక్షంలో ఉన్నంతమాత్రాన శోధకం చల్లబడదు. చల్లబరచాలి.

కుండ నేర్పిన పాఠం

చల్లబరచడం మన ఇళ్ళలో కొత్తది కాదు. మట్టికుండ గోడలోని సన్నని రంధ్రాల గుండా నీరు బయటికి ఊరి ఆవిరి అవుతుంది. ఆవిరి కావడానికి కావలసిన గుప్తోష్ణాన్ని కుండలోని నీటినుంచే తీసుకుంటుంది. అందువల్ల మిగిలిన నీరు చల్లబడుతుంది. ఈ కుండ గురించి మన ఇళ్ళలో ఆడవాళ్ళకు బాగా తెలిసిన సంగతులు మూడు ఉన్నాయి.

ఒకటి: గాలి ఆడే చోట పెడితే నీరు మరింత చల్లబడుతుంది. పుట్టిన ఆవిరిని గాలి ఎప్పటికప్పుడు తీసుకుపోతుంది కనుక.

రెండు: ఎండ తగిలే గోడకు ఆనించి పెడితే చల్లబడదు.

మూడు: కుండ ఎండిపోతే కథ ముగిసినట్టే.

అంతరిక్ష శాస్త్రజ్ఞులకు కూడా ఈ మూడు సంగతులే అక్కరకు వచ్చాయి. కుండలో నీటికి బదులు వారు వాడింది ద్రవ హీలియం, గడ్డకట్టిన నత్రజని.

హైదరాబాదు ఆకాశంలో

మొదటి సంగతికి ఉదాహరణ మన దగ్గరలోనే ఉంది. టాటా మౌలిక పరిశోధనా సంస్థవారు హైదరాబాదులో ఒక బెలూన్ కేంద్రాన్ని నడుపుతున్నారు. పలుచని పాలిథీన్ పొరతో చేసిన పెద్ద బెలూన్లలో హైడ్రోజన్ నింపి, వాటికి శాస్త్ర పరికరాలను కట్టి పైకి పంపుతారు. పని ముగిశాక పరికరాలు పారాచూటు సాయంతో పొలాలలో దిగుతాయి. అలాంటి పెట్టె ఎప్పుడైనా మీ ఊరి చేలలో దిగితే తాకకండి. పెద్దలకు, పోలీసులకు చెప్పండి. దానిలో ఎందరి శ్రమో ఉంటుంది.

1980ల నుంచి ఈ బెలూన్ల మీద ఒక మీటరు వ్యాసం గల అద్దంతో పరారుణ టెలిస్కోపును ఎగురవేశారు. అది సుమారు 31 కిలోమీటర్ల ఎత్తున తేలుతుంది. వాయుమండలంలో దాదాపు 99 శాతం దాని కిందే ఉండిపోతుంది. అంత ఎత్తుకు పోవడం ఎందుకు? వందమైక్రాన్లు దాటిన పరారుణ కిరణాలను గాలిలోని నీటి ఆవిరి నేలదాకా రానివ్వదు. అవి అందాలంటే ఆవిరిని దాటి పైకి పోవాలి.

ఈ టెలిస్కోపుతో 150, 210 మైక్రాన్ల ప్రాంతంలో నక్షత్రాలు పుట్టే మేఘాలను చూశారు. మన సూత్రం ప్రకారం ఇంత పెద్ద తరంగదైర్ఘ్యానికి శోధకం ఎంత చల్లగా ఉండాలో ఊహించండి. ఇక్కడ వాడే శోధకం పేరు బోలోమీటరు. అది చిన్న స్ఫటికం. కిరణాలు పడితే రవ్వంత వేడెక్కుతుంది. వేడెక్కితే దాని విద్యుత్ నిరోధం మారుతుంది. ఆ మార్పును కొలుస్తారు. ఒకే సెగ మీద గంగాళం పెడితే వేడెక్కడం తెలియదు, చెంచా పెడితే ఇట్టే తెలుస్తుంది. పరమశూన్యానికి దగ్గరగా పోయేకొద్దీ స్ఫటికం వేడిని ఇముడ్చుకొనే శక్తి బాగా తగ్గిపోతుంది. గంగాళం చెంచాగా మారినట్టన్నమాట. అప్పుడు నక్షత్ర మేఘంనుంచి వచ్చిన అణుమాత్రపు వేడి కూడా తెలుస్తుంది.

ద్రవ హీలియం మన వాతావరణ పీడనం వద్ద 4.2 కెల్విన్లకు మరుగుతుంది. పై ఆవిరిని తోడివేస్తే ఇంకా చల్లబడుతుంది. కుండకు గాలి తగిలినట్టే! కాని మామూలు హీలియాన్ని ఎంత తోడినా ఒక కెల్విన్ ప్రాంతంలో ఆగిపోతుంది. కనుక హీలియం-3 అనే తేలిక రకాన్ని వాడారు. దాని కేంద్రకంలో ఒక న్యూట్రాను తక్కువ. అది మరింత సులభంగా ఆవిరి అవుతుంది. ఆ విధంగా పన్నెండు బోలోమీటర్ల శోధకాన్ని 0.3 కెల్విన్లకు, అనగా పరమశూన్యానికి ఒక డిగ్రీలో మూడోవంతు దూరానికి దించారు. ఒక్కొక్క తరంగదైర్ఘ్యానికి ఆరు బోలోమీటర్ల చొప్పున, రెండు తరంగదైర్ఘ్యాలలోనూ ఆకాశంలోని ఒకే భాగాన్ని ఒకేసారి చూడగలిగారు. 1999లో జపాను శాస్త్రజ్ఞుల పరికరాన్ని ఇదే టెలిస్కోపుకు అమర్చి, 158 మైక్రాన్ల వద్ద కార్బను వెలువరించే కిరణాలను కూడా పరిశీలించారు.

శోధకం ఎంత చల్లబడినా, టెలిస్కోపు అద్దం, పైన మిగిలిన ఆకాశం వెచ్చగానే ఉంటాయి. ఆ వెలుగును ఏమి చేయాలి? ఇందుకు ఒక ఉపాయం ఉంది. నూనె డబ్బాతో సహా తూచి, ఖాళీ డబ్బా బరువు తీసివేస్తాము గదా. అలాగే చిన్న అద్దాన్ని అటూ ఇటూ ఊపుతూ, ఒకసారి మేఘాన్ని, వెంటనే పక్కనున్న ఖాళీ ఆకాశాన్ని చూస్తారు. రెండవది మొదటి దానిలోనుంచి తీసివేస్తే మిగిలేది మేఘానిది.

బెలూన్ ప్రయాణం కొన్ని గంటలే. దానికి కుండ చాలు, ఎండేలోగా పని అయిపోతుంది. కాని సంవత్సరాల తరబడి పనిచేయవలసిన ఉపగ్రహానికో? 1983లో ఎగిరిన ఐరాస్ అనే పరారుణ ఉపగ్రహంలో హీలియం పది నెలలకే అయిపోయింది. దానితో పరిశీలనలూ ముగిశాయి. కుండ ఎండినప్పుడు ఏమి చేయాలన్న ప్రశ్నకు సమాధానం హబుల్ టెలిస్కోపు మీద దొరికింది.

ఎండిన కుండ

1997 ఫిబ్రవరిలో వ్యోమగాములు హబుల్‌లో నిక్‌మాస్ అనే పరారుణ పరికరాన్ని అమర్చారు. దానిలో మూడు కెమెరాలు. పాదరసం, కాడ్మియం, టెల్లూరియం కలిసిన అర్ధవాహకపు పలకలు 0.8 నుంచి 2.5 మైక్రాన్ల వరకు చూస్తాయి. వాటిని 60 కెల్విన్ల ప్రాంతంలో ఉంచడానికి పెద్ద థర్మాస్ వంటి పాత్రలో సుమారు 100 కిలోల గడ్డకట్టిన నత్రజని పెట్టారు. శూన్యంలో ఆ గడ్డ కర్పూరంలాగా కరగకుండానే ఆవిరి అవుతూ కెమెరాలను చల్లబరుస్తుంది. నాలుగున్నర సంవత్సరాలు రావాలని లెక్క.

కాని రాలేదు. నత్రజని గడ్డ వెచ్చబడి వ్యాకోచించినప్పుడు పాత్రను లోపలినుంచి నెట్టి, దాని ఆకారాన్ని మార్చింది. దానివల్ల లోపలి చల్లని భాగం ఒకటి, తాకకూడని వెచ్చని భాగాన్ని తాకింది. కుండను ఎండగోడకు ఆనించినట్టయింది! ఆ చోటునుంచి వేడి లోపలికి పాకసాగింది. మూడవ కెమెరా కేంద్రీకరణం కూడా తప్పిపోయింది. 1998లో రెండు విడతలు హబుల్ చిన్న అద్దాన్నే కాస్త జరిపి, ఆ కెమెరాతో పని చేయించుకున్నారు. 1999 జనవరి మొదటి వారంలో నత్రజని పూర్తిగా అయిపోయింది. రెండేళ్ళు కూడా నిండలేదు.

లోపలికి పాకిన వేడి ఎంతో మీరే లెక్క వేయండి. ఒక కిలో నత్రజని గడ్డ ఆవిరి కావడానికి సుమారు 2,50,000 జౌళ్ళు కావాలి. 100 కిలోలకు రెండున్నర కోట్ల జౌళ్ళు. రెండు సంవత్సరాలకు సుమారు 6.3 కోట్ల సెకన్లు. భాగిస్తే సెకనుకు 0.4 జౌళ్ళు, అనగా 0.4 వాట్లు. చిన్న టార్చిబల్బు ఖర్చుచేసే శక్తిలో సుమారు సగం! అనుకున్నట్టు నాలుగున్నర సంవత్సరాలు రావాలంటే అది 0.2 వాట్లకు మించరాదు. చూశారా, టార్చిబల్బులో పావు వంతు వేడి అదనంగా చొరబడినందుకు పరికరం ఆయుస్సు సగానికి తగ్గిపోయింది.

కుండ పోయి ఫ్రిజ్ వచ్చింది

ఎండిన కుండను మళ్ళీ నింపడం సాధ్యం కాదు. కాని వేడిని తోడి బయట పారవేసే యంత్రాన్ని తగిలించవచ్చు గదా! అలాంటి చల్లయంత్రాన్ని తయారుచేసి, 1998 అక్టోబరులో డిస్కవరీ వ్యోమనౌకలో పైకి పంపి, భారరహిత స్థితిలో నడుస్తుందో లేదో ముందే పరీక్షించారు. 2002 మార్చి 8న కొలంబియా వ్యోమనౌకలో వెళ్ళిన జాన్ గ్రన్స్‌ఫెల్డ్, రిచర్డ్ లినెహాన్ అంతరిక్షంలో నడుస్తూ దానిని హబుల్‌లో బిగించారు.

ఇందులో నాకు బాగా నచ్చిన సంగతి ఒకటి ఉంది. నిక్‌మాస్ పాత్రలో మొదటినుంచీ సన్నని గొట్టాల చుట్ట ఉండేది. భూమి మీద ఉన్నప్పుడు దాని గుండా చల్లని హీలియం వాయువు పంపి నత్రజనిని గడ్డకట్టించేవారు. పైకి పోయాక ఆ గొట్టాలతో పనిలేదు. ఇప్పుడు ఆ పాత గొట్టాల చివరలకే కొత్త యంత్రాన్ని తగిలించారు! చల్లని నియాన్ వాయువును వాటి గుండా తిప్పారు. యంత్రంలోని చిన్న చక్రాలు సెకనుకు సుమారు 7,000 చుట్లు తిరుగుతూ వాయువును నొక్కి, మళ్ళీ వ్యాకోచింపజేస్తాయి. వ్యాకోచించేటప్పుడు వాయువు పని చేస్తుంది కనుక చల్లబడుతుంది. తోడిన వేడిని హబుల్ బయటి వైపు బిగించిన పలక అంతరిక్షంలోకి వెదజల్లుతుంది. మీ ఇంటి ఫ్రిజ్ వెనుక ఉండే జాలీ చేసే పని ఇదే. కొన్ని వాట్ల వేడిని తోడడానికి వందల వాట్ల విద్యుత్తు ఖర్చవుతుంది. దానిని హబుల్‌కు సూర్యఫలకాలే ఇస్తాయి.

కొన్ని వారాలకు కెమెరాలు 77 కెల్విన్లకు దిగాయి. మూడేళ్ళు మూసుకుపోయిన కన్ను తెరుచుకుంది. విశ్వపు లోతులను చూపిన హబుల్ అతిలోతు చిత్రం 2004లో వెలువడింది గదా, దానిలో పరారుణ భాగం నిక్‌మాస్ తీసినదే.

మరీ చల్లదనం కూడా మేలు కాదు

ఇక్కడ ఒక సందేహం రావాలి. ముందు 60 కెల్విన్లు, ఇప్పుడు 77. వెచ్చబడింది గదా, చూపు మందగించలేదా? వెచ్చబడితే చీకటి ప్రవాహం పెరుగుతుందని చెప్పుకున్నాము. అది చాలా ఎక్కువ అవుతుందేమోనని శాస్త్రజ్ఞులు భయపడ్డారు కూడా. తీరా చూస్తే భయపడినంత పెరగలేదు. పైగా అదే వెచ్చదనం వల్ల పలకలకు కాంతిని పట్టే శక్తి పెరిగింది. పడ్డ కాంతికణాలలో మునుపటికంటె ఎక్కువ వాటిని అవి పట్టుకోగలిగాయి. తక్కువ తరంగదైర్ఘ్యాల వద్ద ఈ లాభం ఇంకా ఎక్కువ.

మరొక మేలు నిలకడ. నత్రజని తరిగేకొద్దీ ఉష్ణోగ్రత మారుతూ వచ్చేది. యంత్రం దానిని డిగ్రీలో పదోవంతు దాటి కదలనీయలేదు. ఖాళీ డబ్బా బరువు ప్రతిసారీ ఒకటే అయితేనే గదా సరుకు బరువు సరిగా తేలేది! కనుక పరికరాన్ని మెరుగుపరచడమంటే ఊరికే మరింత చల్లబరచడం కాదు. తగినంత చల్లబరచి, అక్కడే నిలబెట్టడం.

అయితే కుండకు లేని బాధ ఫ్రిజ్‌కు ఒకటి ఉంది. ఆగిపోతే? 2008 సెప్టెంబరులో చల్లయంత్రాన్ని ఆపవలసి వచ్చింది. తిరిగి నడిపించడానికి చేసిన ప్రయత్నాలు నిలకడగా ఫలించలేదు. నిక్‌మాస్ మరల పరిశీలనలకు రాలేదు. 2009 మేలో హబుల్‌లో కొత్త కెమెరా అమర్చారు. దాని పరారుణ పలక 1.7 మైక్రాన్ల వరకే చూస్తుంది. ఆ పైవి చూడలేదు కనుక దానికి 145 కెల్విన్లు చాలు. విద్యుత్తుతో చల్లబడే చిన్న పలకలతోనే పని జరిగిపోతుంది. అక్కరలేని చోట ఆశ తగ్గించుకోవడం కూడా ఒక ఉపాయమే.

ఏడు కెల్విన్ల కన్ను

ఆశ తగ్గించుకోకుండా 28 మైక్రాన్ల వరకు చూడాలంటే? 2021 డిసెంబరు 25న ఎగిరిన జేమ్స్ వెబ్ టెలిస్కోపు అందుకే భూమికి 15 లక్షల కిలోమీటర్ల దూరాన, ఐదు పొరల గొడుగు నీడలో ఉంది. ఎండగోడకు ఆనకూడదన్న రెండవ సంగతిని ఇంతకంటె బాగా పాటించడం కష్టం. ఆ నీడలో మిగిలిన పరికరాలు తమంతట తామే 40 కెల్విన్ల ప్రాంతానికి చల్లబడతాయి. కాని 5 నుంచి 28 మైక్రాన్ల వరకు చూసే మిరి అనే పరికరానికి అది చాలదు. ఏడు కెల్విన్ల లోపుకు పోవాలి. దానికి మాత్రం హీలియం వాయువుతో నడిచే ఫ్రిజ్ పెట్టారు.

హీలియాన్ని సన్నని రంధ్రం గుండా వ్యాకోచింపజేస్తే చల్లబడుతుంది. కాని అప్పటికే అది బాగా చల్లగా ఉంటేనే! గది వేడిలో ఈ పని చేస్తే కొంచెం వేడెక్కుతుంది. అందుచేత ముందు 18 కెల్విన్ల ప్రాంతానికి దించి, ఆ తరువాత రంధ్రం గుండా పంపుతారు. 2022 ఏప్రిల్ 7న మిరి తన చల్లదనాన్ని అందుకుంది. ఎండిపోయే కుండ కాదు కనుక దీనికి పది నెలల గడువు లేదు.

ఇప్పుడు మన సూత్రాన్ని అంకెలలో చూడండి.

1.7 మైక్రాన్ల వరకు చూసే హబుల్ కొత్త కెమెరా – 145 కెల్విన్లు
2.5 మైక్రాన్ల వరకు చూసే నిక్‌మాస్ – 77 కెల్విన్లు
28 మైక్రాన్ల వరకు చూసే మిరి – 7 కెల్విన్ల లోపు
150, 210 మైక్రాన్లు చూసిన హైదరాబాదు బెలూన్ టెలిస్కోపు – 0.3 కెల్విన్లు

వెనుక బెంచీ పిల్లవాడి ప్రశ్నకు జవాబు ఇదే. చలి అంతరిక్షంలో ఉన్నా, వేడి పరికరంలోనే ఉంది. ఎదుటివాని వెలుగు చూడాలంటే ముందు మన వెలుగును ఆర్పుకోవాలి.

చేసి చూడండి

ఒకే విధమైన రెండు థర్మామీటర్లు తీసుకోండి. ఒకదాని బుడ్డికి పలుచని గుడ్డ చుట్టి నీటితో తడపండి. రెండింటినీ నీడలో వేలాడదీసి, పది నిమిషాల తరువాత అంకెలు రాసుకోండి. తరువాత రెండింటికీ విసనకర్రతో విసిరి, మళ్ళీ రాసుకోండి. గుడ్డ పూర్తిగా ఆరేదాకా ఐదు నిమిషాలకు ఒకసారి చూస్తూ గ్రాఫు గీయండి. ఎండాకాలంలో ఒకసారి, వానాకాలంలో ఒకసారి చేయండి. గ్రాఫు చివర గీత పైకి లేచే చోట నిక్‌మాస్‌కు 1999 జనవరిలో ఏమి జరిగిందో మీ కళ్ళతో మీరే చూస్తారు.

ఆలోచించండి

1. విసిరినప్పుడు పొడి థర్మామీటరు అంకె తగ్గిందా? తడి దానిది తగ్గిందా? ఎందుకు?

2. సాయంత్రం మిద్దె మీది బండ 47 డిగ్రీల సెంటీగ్రేడు వేడి ఉంది. అది ఏ తరంగదైర్ఘ్యం దగ్గర ఎక్కువగా వెలుగుతుంది? దానిని నిక్‌మాస్ బాగా చూడగలదా, మిరి బాగా చూడగలదా?

3. బెలూన్ టెలిస్కోపుకు ఫ్రిజ్ యంత్రం కాక కుండ పద్ధతి ఎందుకు చాలింది? రెండు కారణాలు రాయండి.

4. వానాకాలంలో కుండనీళ్ళు అంతగా చల్లబడవు. దీనికీ, పరారుణ టెలిస్కోపును 31 కిలోమీటర్ల ఎత్తుకు పంపడానికీ కారణమైన పదార్థం ఒకటే. ఏమిటది?